లోహాల సంగతి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి చుట్టూ తిరిగేవే: మీటరు దగ్గర కాలిన వైరు, మచ్చలు పడ్డ స్టీలు రెయిలింగు, కళాయి పోయిన గుండిగ. వాటిని ముందు చూసి, ఒక విద్యార్థిని అడిగిన జిర్కోనియం ప్రశ్నను చివరికి ఉంచాం.

ప్ర: స్తంభం నుంచి వచ్చేది అల్యూమినియం సర్వీసు వైరు, ఇంట్లోకి వెళ్లేది రాగి వైరు. మెయిన్ స్విచ్ దగ్గర ఆ రెండూ కలిసే చోట రెండేళ్లలో మూడుసార్లు కాలింది. ఎలక్ట్రీషియన్ ప్రతిసారీ కాలిన ముక్క కోసి, మళ్లీ మెలిపెట్టి, టేపు చుట్టి వెళ్తున్నాడు. లోడు ఎక్కువైందా, వైరు నాసిరకమా? (తెనాలి)

జ: మీరు రాసిన దాన్నిబట్టి తప్పు ఆ మెలికలోనే ఉంది. అల్యూమినియం మంచి వాహకమే. రాగి వాహకతలో 61 శాతం దీనికి ఉంది. సాంద్రత రాగికి 8.96 అయితే దీనికి 2.7. అంటే అదే కరెంటుకు అడ్డుకోత వైశాల్యం 1.6 రెట్లున్న వైరు వేసినా బరువు రాగిలో సగమే తూగుతుంది. స్తంభాల మీద వేలాడే వైర్లకు దీన్నే వాడేది అందుకే.

చిక్కంతా జాయింటులో. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. అది కంటికి కనపడదు, కరెంటును పోనివ్వదు. మెలిపెట్టినప్పుడు ఆ పొర అక్కడక్కడ చిట్లి, నాలుగైదు చుక్కల దగ్గర మాత్రమే లోహం లోహాన్ని తాకుతుంది. కరెంటంతా ఆ చుక్కల్లోంచే పోవాలి. పైగా వేడికి అల్యూమినియం రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది: ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు, రాగి 17 వంతులు. రాత్రి ఏసీ నడిచినంతసేపూ ఉబ్బి, తెల్లారి ముడుచుకుని, మెలిక రోజుకింత వదులవుతుంది. వానాకాలం తేమ చేరితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో కరిగిపోయేది అల్యూమినియమే.

లెక్క వేసి చూడండి. జాయింటు నిరోధం 0.05 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. గీజరు, ఏసీ కలిసి 20 ఆంపియర్లు లాగితే అక్కడ పుట్టే వేడి 20 × 20 × 0.05, అంటే 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ కొసలో ఉండేది దాదాపు ఇంతే. టేపు చుట్టిన గోరంత చోట అంత వేడి పుడుతుంటే కాలక ఏం చేస్తుంది?

దీనికి మందు బైమెటల్ పిన్ లగ్గు. దాని ఒక కొస అల్యూమినియం గొట్టం, రెండో కొస రాగి పిన్ను. రెంటినీ ఫ్యాక్టరీలోనే గాలి చొరకుండా అతికించి ఇస్తారు. ముందుగా లైన్‌మన్‌తో సప్లై తీయించండి. మీటరు సీలు మీరు ముట్టుకోవద్దు. వైరు తొడుగు ఒలిచి, అల్యూమినియాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, వెంటనే జాయింటు పేస్టు రాయాలి. గీకి, టీ తాగి వచ్చి రాస్తే పొర మళ్లీ కట్టేసి ఉంటుంది. గొట్టంలోకి వైరు పూర్తిగా దూర్చి, ఆ సైజు డై ఉన్న క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు మెలికకన్నా మెరుగేం కాదు. రాగి పిన్నును స్విచ్ టెర్మినల్‌లో బిగించండి. ఆరుబయట జాయింటైతే రాగి కిందికి, అల్యూమినియం పైకి ఉండాలి. రాగి మీంచి జారే వాన నీటిలో రాగి లవణాలుంటాయి, అవి పడిన చోట అల్యూమినియం గుంటలు పడుతుంది. నెల తర్వాత సప్లై తీసి ఒక్కసారి బిగింపు చూసుకుంటే చాలు. ప్రతి పండక్కీ స్క్రూ తిప్పనక్కర్లేదు.

ప్ర: సముద్రానికి కిలోమీటరు దూరంలో కొత్త ఇల్లు కట్టాం. మెట్లకు, బాల్కనీకి 304 స్టీలు అని చెప్పి రెయిలింగు వేశారు. అయస్కాంతం అంటుకోవడం లేదని చూపించారు కూడా. ఎనిమిది నెలలకే గోధుమరంగు మచ్చలు, వెల్డింగుల దగ్గర చుక్కలు వచ్చాయి. మోసపోయామా? (కాకినాడ)

జ: మోసం జరిగి ఉండొచ్చు. జరగకపోయినా ఇలాగే అయ్యుండొచ్చు. అయస్కాంతం మాత్రం దేనికీ సాక్ష్యం కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది క్రోమియం. అది 10.5 శాతం దాటితే పైన క్రోమియం ఆక్సైడ్ పొర నిలబడుతుంది, గీత పడినా మళ్లీ అల్లుకుంటుంది. నికెల్ పని వేరు. స్టీలు లోపలి అమరికను అయస్కాంతానికి అంటని రకంగా నిలిపి, సాగే గుణం ఇచ్చేది అది. ఖరీదైనదీ అదే. అందుకే 202 రకంలో సగం నికెల్ తగ్గించి మాంగనీసు, నైట్రోజన్ కలుపుతారు. 304లో క్రోమియం 18 నుంచి 20, నికెల్ 8 నుంచి 10.5 శాతం, మాంగనీసు 2 లోపు. 202లో క్రోమియం 17 నుంచి 19, నికెల్ 4 నుంచి 6, మాంగనీసు 7.5 నుంచి 10. మామూలుగా రెండూ అయస్కాంతానికి అంటవు. పైగా అసలైన 304 పైపే వంచిన చోట కాస్త అంటుకుంటుంది, వంపులో అమరిక కొంత మారుతుంది కాబట్టి. అయస్కాంతాన్ని నమ్ముకుని అసలును వెనక్కి పంపి నకిలీని దించుకున్నవాళ్లూ ఉంటారు.

తేల్చుకోవాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్-రేలతో లోహాల పాళ్లు చదివే పరికరం) పెట్టించండి. మెటీరియల్ టెస్టింగ్ ల్యాబుల్లో, పెద్ద స్క్రాపు వ్యాపారుల దగ్గర ఉంటుంది. పైపును కోయనక్కర్లేదు, కొన్ని క్షణాల్లో క్రోమియం, నికెల్, మాంగనీసు, మాలిబ్డినం శాతాలు చూపిస్తుంది. నికెల్ 8కి తక్కువ, మాంగనీసు 7కి పైన వస్తే మాట ఒకటి, సరుకు ఒకటి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ గన్ కార్బన్‌ను చదవలేదు. కాబట్టి 304కూ, కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్‌కూ తేడా చెప్పలేదు.

అసలైన 304 అని తేలినా, ఉప్పు గాలికి అది సరిపోదు. క్లోరైడ్ ఆ పొరను చుక్కచుక్కగా చిల్లులు పెడుతుంది. దాన్ని తట్టుకోవడానికే 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం కలుపుతారు. తీరంలో ఆరుబయట పనికి అదే అడగాలి.

ఇంకో రెండు అనుమానాలు. గృహప్రవేశానికి ముందు టైల్స్ మీది సిమెంటు మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగించారా? బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి తగిలినా చాలు, రెయిలింగు మీద మచ్చలు వస్తాయి. రెండోది, గేటుకు వాడిన గ్రైండింగ్ చక్రంతోనే స్టీలు వెల్డింగులూ సాపు చేసి ఉంటే, మామూలు ఇనుప రజను అందులో దిగబడిపోయి ఉంటుంది. మీరు చూసే చుక్కలు ఆ రజను పట్టిన తుప్పే కావచ్చు.

పైపైన పట్టిన మచ్చలైతే ఇలా చేయండి. మంచినీళ్లతో కడిగి, లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, గుడ్డ తడిపి 20 నిమిషాలు చుట్టి ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి తుడవండి. వెల్డింగు దగ్గరి నీలం, గోధుమ చారలు దీనికి పోవు. వాటికి పికిలింగ్ పేస్టు కావాలి. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మం మీద పడితే లోపలి ఎముక దాకా పాడుచేస్తుంది. అది తెలిసిన పనివాడికే వదలండి. ఇనుప పీచు ఎప్పుడూ వద్దు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ఉప్పు కడిగేస్తుంటే చాలు.

ప్ర: టీఎంటీ కమ్మీల్లో ఎఫ్ఈ 500, ఎఫ్ఈ 500డి అని రెండు రకాలు చూపించారు. "డి"కి ఎక్కువ పెట్టడం దండగా? (సిద్దిపేట)

జ: దండగ కాదు. 500 అనే అంకె రెంటికీ ఒకటే, 500 మెగాపాస్కళ్ల దాకా లాగినా కమ్మీ శాశ్వతంగా సాగిపోదని అర్థం. "డి" అంటే తెగేముందు ఎక్కువ సాగుతుందని. కమ్మీలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 కనీసం 12 శాతం, 500డి 16 శాతం సాగాలి. భూకంపంలో పనికొచ్చే గుణం అది. సర్టిఫికెట్‌లో గంధకం, భాస్వరం చూడండి. 500డిలో ఒక్కొక్కటి 0.040 శాతం, రెండూ కలిపి 0.075 దాటకూడదు. 500లో ఒక్కొక్కటి 0.055 దాకా ఒప్పుకుంటారు. భాస్వరం స్టీలును పెళుసు చేస్తుంది. గంధకం ఇనుముతో కలిస్తే 988 డిగ్రీలకే కరిగే మిశ్రమం పుడుతుంది, ఎర్రగా కాలి రోలర్ల మధ్య సాగుతున్నప్పుడు లోపల చీలికలు పడతాయి. గంధకాన్ని తనవైపు లాక్కుని ఆ గండం తప్పించేది మాంగనీసు. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే, 1892లో.

కట్టకు ఉన్న ట్యాగు మీది హీట్ నంబరు (ఒక్కో పోత స్టీలుకు ఫ్యాక్టరీ ఇచ్చే నంబరు), సర్టిఫికెట్‌లోది ఒకటేనో కాదో చూసుకోండి. కమ్మీ వంగడం లేదని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచనివ్వకండి. టీఎంటీ బలమంతా నీళ్లతో గట్టిపరిచిన బయటి వలయంలో ఉంది. కాల్చిన చోట అది మెత్తబడిపోతుంది.

ప్ర: జీఐ పైపులు వెల్డింగ్ చేసిన రోజు రాత్రి చలిజ్వరం వస్తోంది, నోరు చేదుగా ఉంటోంది. పాలు తాగితే పోతుందంటారు. నిజమేనా? (వెల్డరు, మదనపల్లె)

జ: పాలకూ దీనికీ సంబంధం లేదు. జీఐ పైపు మీది జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. మీ ఆర్క్ కింద స్టీలు కరిగేదే 1500 దగ్గర. లేచే తెల్లపొగ జింక్ ఆక్సైడ్. పీల్చిన నాలుగు నుంచి పది గంటలకు వణుకు, జ్వరం, ఒళ్లునొప్పులు మొదలై, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. తగ్గుతుంది కదా అని అలవాటు చేసుకోకండి. ఆయాసం పెరుగుతుంటే మాత్రం ఆసుపత్రికి వెళ్లి, ఏ లోహం మీద పనిచేశారో చెప్పండి. పాత మిషన్ల బోల్టులకు కాడ్మియం పూత ఉంటుంది. దాని పొగ కూడా మొదట ఇలాగే అనిపిస్తుంది, కానీ ప్రాణం తీయగలదు.

జాయింటుకు రెండువైపులా 3 నుంచి 5 సెంటీమీటర్లు, అందినంత మేర లోపల కూడా, బూడిదరంగు పోయి స్టీలు మెరుపు కనపడేదాకా గ్రైండ్ చేయండి. ఇలా చేస్తే వెల్డులో బుడగలూ తగ్గుతాయి, చిటపటలూ తగ్గుతాయి. గాలి పక్కనుంచి వీచేలా నిలబడి, పొగకు పనికొచ్చే మాస్కు పెట్టుకోండి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఈ పొగను ఆపదు. చివర్లో స్లాగు దులిపి జింక్ రిచ్ పెయింటు రెండు పూతలు వేయాలి. చాలామంది ఇక్కడ సిల్వర్ పెయింటు కొట్టి ఊరుకుంటారు. అది రంగు కలుస్తుందంతే. జింకులా తాను కరిగి ఇనుమును కాపాడదు.

ప్ర: మా వంటపాత్రలు ఇత్తడివి, వందమందికి సరిపడే గుండిగలు. కళాయి పెట్టించిన రెండు నెలలకే నల్లబడుతోంది. తగరంలో సీసం కలుపుతున్నారని అనుమానం. ఎలా తెలుసుకోవాలి? (వంట కాంట్రాక్టరు, రాజమహేంద్రవరం)

జ: కళాయి వేశాక తెలుసుకోవడం కష్టం. వేయకముందు, కడ్డీగా ఉన్నప్పుడు పట్టుకోవాలి.

తగరం 232 డిగ్రీలకు, సీసం 327కు కరుగుతాయి. రెండూ కలిస్తే ఇంకా తక్కువకే, 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. మిశ్రమం తేలిగ్గా పారుతుంది, చవకగా పడుతుంది, కలపాలన్న ఆశ అక్కడే పుడుతుంది. పట్టుకునే దారి బరువు. తగరం సాంద్రత 7.3, సీసానిది 11.3. కిరాణా త్రాసులో 500 గ్రాముల కడ్డీ ముక్కలు తూచండి. మిల్లీలీటర్ల గీతలున్న సన్నటి కొలపాత్రలో నీళ్లు పోసి, ముక్కలు జారవిడిచి నీళ్లెంత పెరిగాయో చూడండి. స్వచ్ఛమైన తగరమైతే 68 మిల్లీలీటర్లు పెరుగుతుంది. సగం సీసమైతే 56 మాత్రమే. కానీ పదో వంతు సీసం కలిస్తే 66 చూపిస్తుంది, ఆ రెండు మిల్లీలీటర్ల తేడా ఇంట్లో కొలవలేం. వంటపాత్రకు పదో వంతు కూడా ఎక్కువే. ఇంకో గుర్తు: సన్నటి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కరకరమని చిన్న చప్పుడు వస్తుంది. సీసం నోరు మెదపదు, తెల్లకాగితం మీద గీస్తే పెన్సిల్‌లా బూడిద గీత పడుతుంది. ఇవన్నీ పెద్ద కల్తీని పట్టిస్తాయి. మీరు వండేది ఊరందరికీ కాబట్టి, 99.9 ముద్ర ఉన్న కడ్డీ మీరే కొని ఇవ్వండి, ఒక ముక్క ల్యాబులో చూపించండి.

రెండు నెలలకే పోవడానికి మాత్రం సీసమే కారణం కానక్కర్లేదు. కళాయి పని చూస్తూ నిలబడండి. పాత్రను చింతపండు, ఉప్పు, ఇసుకతో జిడ్డు, చిలుము పోయేదాకా తోమాలి. పొయ్యి మీద అన్నివైపులా తిప్పి కాచి, నవాసారం పొడి చల్లితే గుప్పున తెల్లపొగ వస్తుంది. ఆ వేడికి నవాసారం అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోయి ఇత్తడి మీది ఆక్సైడ్‌ను తినేస్తుంది. ఆ శుభ్రపడ్డ క్షణంలోనే తగరం కడ్డీ ఆనించి, కరిగినదాన్ని దూదితో వేగంగా పులమాలి. తగరం పూసలు పూసలుగా జారిపోతుంటే అక్కడ ఇంకా మురికి ఉందన్నమాట. పసుపు, నీలం ఛాయ తేలితే మంట ఎక్కువైంది. ఆ రెండు చోట్లా కళాయి నిలవదు.

వాడకంలో చంపేది ఖాళీ పాత్రను మంట మీద పెట్టడం. నీళ్లున్నంతసేపూ అడుగు 100 డిగ్రీలు పెద్దగా దాటదు. ఖాళీగా ఉంటే పెద్ద పొయ్యి మీద చూస్తుండగానే 232 దాటి కళాయి కరిగి ముద్దకడుతుంది. పోపు వేరే ఇనుప మూకుట్లో పెట్టి తెచ్చి కలపండి. స్టీలు పీచుతో తోమొద్దు. లోపల పసుపురంగు ఇత్తడి బయటపడితే ఆ గుండిగలో పులిహోర పులుసు, రసం కాయడం ఆపేయండి.

ప్ర: బోరు బిట్టు బటన్లు (రాయిని కొట్టే గుబ్బలు) గ్రానైట్‌లో చటుక్కున విరిగిపోతున్నాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ అంత గట్టిది కదా? (బోరు బండి యజమాని, నల్లగొండ)

జ: గట్టిది కాబట్టే విరుగుతుంది. కార్బైడ్ రేణువులు ఒంటరిగా ఉంటే గాజులా పగులుతాయి, వాటిని పట్టి ఉంచేది కోబాల్ట్. కోబాల్ట్ పెరిగితే దెబ్బకు ఓరుస్తుంది గానీ త్వరగా అరుగుతుంది. ఆ మధ్యేమార్గంలో చేసిన బటన్ను మనం మొండిగా వాడితే తప్పు దానిది కాదు. గుండ్రటి తల అరిగి చదునైన చోటు బటన్ వ్యాసంలో మూడో వంతుకు రాగానే బిట్టు దించి, డైమండ్ కప్పుతో, నీళ్లు పోస్తూ, మళ్లీ గుండ్రంగా రుబ్బించాలి. అది దాటితే దెబ్బంతా అంచున పడి పెచ్చులూడతాయి. పాము పొలుసుల్లాంటి సన్న పగుళ్లు కనిపించినా అంతే, ఆ పొర పోయేదాకా రుబ్బాలి.

ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. పాత బిట్టు వ్యాసం అరిగి తగ్గి ఉంటుంది. దానితో సగం వేసిన బోరులోకి కొత్త బిట్టు దించితే ఇరుక్కుని చుట్టు బటన్లు తెగుతాయి. బిట్లను వ్యాసం వారీగా పెట్టుకుని, పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానితో ముగించండి. విరిగిన బటన్ ముక్కలు అడుగున ఉండగా కొట్టడం ఆపండి, మిగతా బటన్లు వాటి మీదే పగులుతాయి. గాలి చాలకపోతే రాతిపొడి పైకి రాక బిట్టు ఒంటినే కోస్తుంది, అప్పుడు బటన్లు విరగవు, ఊడిపోతాయి. ఊడిందో విరిగిందో చూసుకుంటే కారణం సగం తెలిసినట్టే.

ప్ర: హైదరాబాద్ అణు ఇంధన సముదాయంలో ఇంధన గొట్టాలను స్టెయిన్‌లెస్ స్టీలుతో కాక జిర్కోనియంతో ఎందుకు చేస్తారు? (పాలిటెక్నిక్ విద్యార్థిని, హైదరాబాద్)

జ: రియాక్టరులో ప్రతి న్యూట్రానూ లెక్కే. నెమ్మదించిన న్యూట్రాన్లను మింగే గుణాన్ని బార్న్‌లలో కొలుస్తారు. ఇనుముకు 2.56, నికెల్‌కు 4.5, జిర్కోనియానికి 0.18. మన భారజల రియాక్టర్లు సహజ యురేనియంతో నడుస్తాయి, అందులో విచ్ఛిన్నమయ్యే యురేనియం-235 ఉండేది 0.7 శాతమే. స్టీలు తొడుగు వేస్తే అది న్యూట్రాన్లను మింగేసి చర్యను సాగనివ్వదు.

అయితే జిర్కాన్ ఇసుకలో జిర్కోనియానికి తోడు సుమారు 2 శాతం హాఫ్నియం ఉంటుంది. రసాయనికంగా రెండూ కవలలు. న్యూట్రాన్ల దగ్గర మాత్రం హాఫ్నియం 104 బార్న్‌లు మింగుతుంది, జిర్కోనియానికి దాదాపు 600 రెట్లు. అందుకే దాన్ని పదివేలలో ఒక వంతుకన్నా కిందికి దించాలి. నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావకంతో పదేపదే కలిపి తేరుస్తారు. జిర్కోనియం ద్రావకంలోకి పోతుంది, హాఫ్నియం ఆమ్లంలో మిగులుతుంది. తర్వాత ఆక్సైడ్‌ను క్లోరైడ్‌గా మార్చి, మెగ్నీషియంతో లోహపు స్పాంజిగా రాబట్టి, దాదాపు 1.5 శాతం తగరం, చిటికెడు ఇనుము, క్రోమియం కలిపి శూన్యంలో ఆర్క్‌తో కరిగిస్తారు. దాన్ని సాగదీసి 0.4 మిల్లీమీటర్ల మందం గోడ ఉన్న గొట్టాలు చేస్తారు. 220 మెగావాట్ల రియాక్టరుకు అలాంటివి 19 కలిపి ఒక కట్ట.

దీనికీ ఒక బలహీనత ఉంది. చల్లబరిచే నీళ్లు ఆగి గొట్టాలు 1200 డిగ్రీలు దాటితే జిర్కోనియం నీటి ఆవిరిలోని ఆక్సిజన్‌ను లాక్కుని హైడ్రోజన్‌ను వదులుతుంది. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులు పేల్చింది ఆ హైడ్రోజనే. వేరుచేసిన హాఫ్నియాన్ని పారేయరు. న్యూట్రాన్లను మింగడమే పనిగా ఉన్న కంట్రోల్ రాడ్లకు కొన్ని రియాక్టర్లలో దాన్నే వాడతారు.